మొదట ఊయల

"...సైరన్ వినబడక కాదు వదినా, నువ్వొచ్చి ఊయల ఎత్తుకుపోతావనే కదలకుండా కూర్చున్నారు" అన్నాడు ముబోరక్‌షో, గిన్నె కింద పెట్టి.

"నా మోకాళ్ల సంగతి ఊరికి తెలియదా? నన్నే ఇంకొకరు ఎత్తుకుపోవాలి."

"వాళ్లకి నువ్వే కనబడతావు. మోకాళ్లు కనబడవు."

ముబోరక్‌షో లాల్‌బేగింకు మరిది, ఊరికి పెద్ద. పామీర్ కొండల్లో ఎండ ముదిరిందంటే మంచు కరిగి పై చెరువు కట్ట తెగుతుంది. రాళ్లూ బురదా ఒక్కసారిగా లోయలోకి దిగుతాయి. ఆ మధ్య జిల్లావాళ్లు బడి కప్పు మీద సైరన్ బిగించి వెళ్లారు. అది మోగితే అందరూ ఎగువ మిట్టకు చేరాలి. ఆ ఉదయం చెప్పకుండా మోగించి చూస్తే ఏటి ఒడ్డున ఒక్క ఇల్లూ కదల్లేదు. ఎందుకని అడిగితే, బిడ్డకు పాలిస్తున్న ఒక కోడలు, నిజం వరదైతే లాల్‌బేగిం అత్త వచ్చేది కదా అందట.

ఆ మాట విని లాల్‌బేగిం లోలోపల మురిసింది. మరిది గిన్నెలో మళ్లీ ఉప్పుటీ పోసి, వెన్న వేసింది.

కాపురానికొచ్చిన కొత్తలో, వరదొస్తోందని ఎగువ మేత నేలల నుంచి కాపరులు పొగ లేపిన మధ్యాహ్నం, ఆమె ఇంటింటికీ తిరిగి బతిమాలింది. ఎవరూ లేవలేదు. కప్పు మీద ఆప్రికాట్ పళ్లు ఆరుతున్నాయి, పొయ్యిలో రొట్టె ఉంది, ఆవు కట్టేసుంది. మాటలు దండగని తేలిపోయాక, చివరింట్లో పట్టీలతో బిగించిన పసివాణ్ణి ఊయలతో సహా, పైకర్ర పట్టుకుని ఎత్తుకొచ్చేసింది. తల్లి తిట్టుకుంటూ వెంటపడింది. తల్లి వెనక అత్త, అత్త వెనక మామ, ఆ వెనక ఆవు. వాళ్లని చూసి ఊరంతా. మిట్ట మీద ఆ తల్లి ఆమె జుట్టు దొరకబుచ్చుకునేసరికి కింద ఏరు వాళ్లింట్లోంచి పారుతోంది.

ఆ తరవాత ఏ వరదకైనా అదే పద్ధతి. దొంగదానికి మొగుణ్ణయ్యానని భర్త నలుగురిలో వాపోయేవాడు. లాల్‌బేగిం మాత్రం గడ్డాలొచ్చిన మగవాళ్లని ఆపి, "నిన్ను మోసిన చెయ్యిరా ఇది, నువ్వు తడిపిందీ దీన్నే" అనేది. ఊయల చేయించుకున్న ప్రతి ఇంటివాళ్లూ పైకర్ర ఆమె పిడికిలికి సరిపోయిందో లేదో తెచ్చి చూపించుకునేవారు. వాళ్లకి పాలూ రొట్టే పెట్టి, కర్ర పట్టుకుని ఒకసారి లేపి చూసి, బరువు సరిపోయిందనేది.

ముబోరక్‌షో లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పొద్దున అది నిజం వరదే అయ్యుంటే, ఆ కోడలు పిల్ల నాకోసం అలాగే కూర్చునేదా?" అంది లాల్‌బేగిం.

మరిది టోపీ తీసి మళ్లీ కూర్చున్నాడు. లాల్‌బేగిం కాసేపు ఖాళీ గిన్నెలు తుడిచింది.

"రేపు ప్రార్థనకి అందరూ వస్తారుగా. చెప్పు."

"ఏమని వదినా?"

"లాల్‌బేగిం ఇక ఏ గడపా తొక్కదట. సైరన్ మోగిందంటే అందరికంటే ముందు తనే మిట్ట ఎక్కుతుందట. వెనక్కి చూడదట. అలా చెప్పు."