దారినపోయే మనిషి కాదు

కొండదారిలో అందరూ ఆమెను మేకపాదం అనే పిలిచేవారు. వెక్కిరింతగా పెట్టిన పేరే, అయినా ఆమె దాన్ని కిరీటంలా నెత్తిన పెట్టుకుంది. అడవి చూడవచ్చినవాళ్లను లోయ దాకా నడిపించి, క్షేమంగా తిరిగి బస్సెక్కించడం ఆమె పని. పెళ్లికి ముందు నుంచీ అదే. మొగుడు బస్టాండు పక్కన చెప్పులు కుడతాడు.

"నేను కుట్టినవన్నీ అరగ్గొట్టడానికే దీన్ని నాకు కట్టబెట్టారు" అనేవాడు నలుగురి ముందూ.

"అరక్కపోతే నీకు పనేదీ?" అనేది ఆమె.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక డ్రాయింగు మాస్టారూ, ఆయన భార్యా వచ్చారు. లోయలోకి వెళ్లే జట్టు ఎంత చిన్నదైనా ఇద్దరు గైడ్లు ఉండాలన్నది నియమం. జనం తగ్గారని యాత్రల కంపెనీ మేనేజరు ఈమె ఒక్కదాన్నే పంపాడు. "నీకు తోడెందుకు? నువ్వే ఇద్దరి పెట్టు!" అన్నాడు. ఒకరి చేత ఇద్దరి పని చేయించుకునేవాళ్లకు పొగడ్త కంటే చవకైనది దొరకదు.

లోయలో పాకుడు రాయి మీద మాస్టారు జారిపడ్డారు. మోకాలి కింద ఎముక విరిగి చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది.

"మాస్టారూ, కాలు పట్టుకుంటాను, సరేనా?" అని అడిగి, ఆయన తలూపాకే చెయ్యి వేసింది. శుభ్రమైన గుడ్డ అదిమి నెత్తురు ఆపింది. కర్రలు దన్నుగా పెట్టి కట్టు కట్టింది. అంతవరకూ నేర్చుకున్న పనే. ఆ తర్వాతే చిక్కొచ్చింది. ఒకసారి చెయ్యి వేశాక, అంతకంటే తెలిసినవాళ్లకు అప్పగించేదాకా మనిషిని వదలకూడదని శిక్షణలో చెప్పారు. లోయలో ఫోను పలకదు, గట్టెక్కాలి. ఇద్దరుంటే ఒకరు ఉండేవారు, ఒకరు వెళ్లేవారు.

"అమ్మా, కట్టు ముట్టుకోకండి. ఆయన్ని కదపకండి. గట్టెక్కి ఫోను చేసి వచ్చేస్తా."

"మమ్మల్ని ఇలా వదిలేసి పోతావా?" మాస్టారి భార్య ఆమె మోచెయ్యి పట్టేసుకుంది.

"పోకపోతే మనకోసం ఎవరొస్తారమ్మా?" వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్లింది.

ఆమె తిరిగొచ్చేసరికి వాన దంచేస్తోంది. ఉరుములకు హడలిపోయిన ఆ ఇల్లాలు భర్తను బండ కిందికి ఈడ్చుకెళ్లింది. కట్టు ఊడి, గాయం నిండా బురద. మాస్టారు బతికారు గానీ కాలు మోకాలి దగ్గర తీసేశారు.

వైద్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేసి పోయిందని ఆవిడ ఫిర్యాదు ఇచ్చింది. ఆ వారమే మేనేజరు, కంపెనీ లాయరును వెంటేసుకుని ఇంటికొచ్చాడు.

"ఇందులో భయపడేదేం లేదు" అన్నాడు లాయరు. "కూలి తీసుకోకుండా మంచి మనసుతో సాయం చేసిన దారినపోయే మనిషిని చట్టం కాపాడుతుంది. ఆ రోజు నీకు సెలవు. తెలిసినవాళ్లకు ఊరికే తోడెళ్లావు. అంతే చెప్పు."

"మరి మాస్టారికి?"

"గైడు లేకుండా వెళ్లి పడ్డట్టు అవుతుంది. కంపెనీకి సంబంధం ఉండదు."

"అలా చెప్పకపోతే?" మొగుడు అడిగాడు.

"కూలికెళ్లిన గైడుకి సాయం చెయ్యడం దయ కాదు, బాధ్యత. వదిలి వెళ్లినందుకు లైసెన్సు పోవచ్చు."

"నీ మంచికే చెబుతున్నా చెల్లెమ్మా" అన్నాడు మేనేజరు.

"ఒక్కదాన్నే లోయలోకి తోలినప్పుడు ఈ చెల్లెమ్మ గుర్తుకు రాలేదా అన్నా?"

మేనేజరు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

వాళ్లు వెళ్లాక మొగుడు మెల్లగా అన్నాడు. "ఆ ఒక్క ముక్కా చెప్పెయ్యవే. అడవి లేకుండా ఇంట్లో కూర్చుంటే నువ్వు నా బుర్ర తినేస్తావు." నవ్వించాలనే అన్నాడు.

విచారణ రోజు కలెక్టరాఫీసు వరండాలో మాస్టారు చక్రాల కుర్చీలో ఉన్నారు. ఖాళీ పంట్లాం కాలును మడిచి పిన్నీసు పెట్టారు. పలకరిద్దామని ఆమె దగ్గరికెళ్లేసరికి భార్య గయ్యిమంది.

"ఎందుకొచ్చావ్? ఇక్కణ్ణించి కూడా మధ్యలో పోవడానికా?"

మాస్టారు కుర్చీ చక్రాన్ని పక్కకు తిప్పుకున్నారు.

లోపల అధికారి అడిగాడు. "ఆ రోజు నువ్వు పనిలో ఉన్నావా?"

లాయరు దగ్గాడు. లేనని ఒక్క మాటంటే చాలు, అడవి ఆమెదే.

"పనిలోనే ఉన్నానండీ. కంపెనీయే పంపింది, ఒక్కదాన్నే."

"గైడువై ఉండి ఎందుకు వదిలి వెళ్లావు?"

"నేనుంటే కబురు వెళ్లదండీ. కబురు వెళ్లాలంటే నేనుండలేను."

"ఆయన భార్యకి జాగ్రత్తలు చెప్పావా?"

"ఏం చెయ్యకూడదో చెప్పాను. వానొస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. అది నా తప్పే."

మాస్టారికి పరిహారం ఇవ్వాలని కంపెనీకి ఉత్తర్వు వచ్చింది. కంపెనీ పై కోర్టుకెళ్లింది. ఉత్తర్వు అక్కడే నానుతోంది. ఆమె లైసెన్సు మాత్రం ఆ రోజే లాక్కున్నారు. పెద్దవాళ్ల శిక్షకు వాయిదాలుంటాయి, కూలిమనిషి శిక్ష అక్కడికక్కడే అమలవుతుంది. దావా తేలేదాకా అంటూ కంపెనీ కొన్నాళ్లు యాత్రలు ఆపేస్తే, ఆ ఉక్రోషమంతా తోటి గైడ్లు ఆమె మీదే చూపించారు. ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు.

ఇప్పుడామె బస్టాండు వెనక లాడ్జీలో దుప్పట్లు ఉతుకుతోంది. కొండ అక్కడికి కనిపించదు. మొన్న వెనక గుమ్మంలోంచి ఆ గైడ్లలో ఒకడు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు.

"వదినా, మళ్లీ మొదలెట్టారు. ఒక్కణ్ణే పొమ్మంటున్నారు. మనిషిని వదిలి వెళ్లాల్సొస్తే ఏమేం చెప్పి వెళ్లాలి?"

ఆమె తడి చేతులు తుడుచుకుని కూర్చోబెట్టి చెప్పింది. వానొస్తే పైన ఏం కప్పాలి, కదపక తప్పకపోతే కాలును ఎలా పట్టాలి, కట్టు వదులైతే ఎక్కడ అదమాలి, భయపడుతున్న మనిషితో ఏం మాట్లాడాలి. అతను బుద్ధిగా తలూపాడు.

"ఇవన్నీ చెప్పి వెళ్తే లైసెన్సు పోదుగా వదినా?"

పోదని ఆమె చెప్పలేకపోయింది.