మేనమామ బుట్టతో శంషాబాద్‌కు

మా ఇళ్లలో పెళ్లికూతురు మండపానికి నడిచి రాకూడదు. వెదురు బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొస్తాడు. ఈ పద్ధతి తెలియనివారి కోసం ముందే చెబుతున్నాను, ఎందుకంటే మా శంషాబాద్ ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా ఆ బుట్ట చుట్టూనే తిరిగింది.

నా మనవరాలు సాహితికి ఉన్నది ఒక్కడే సొంత మేనమామ, నా కొడుకు ప్రభాకర్. వయసు యాభై ఒకటి. బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. నిశ్చితార్థం నాటికి బరువు తొంభై నాలుగు కిలోలు. ఆ రోజు భోజనాల దగ్గర నా కూతురు లలిత, అంటే పెళ్లికూతురి తల్లి, అందరి ముందూ అనేసింది.

"అన్నయ్య బుట్ట ఎత్తితే, తర్వాత అన్నయ్యని ఎత్తడానికి ఇంకో బుట్ట కావాలి. చక్రాల కుర్చీకి పూలు చుట్టి పిల్లని అందులో తెచ్చేద్దాం."

అందరూ నవ్వారు. ప్రభాకర్ కూడా నవ్వాడు, కానీ మూడో గారె విస్తట్లో పక్కకు నెట్టేశాడు. వాడు గారె వదిలేయడం నేను అంతవరకు చూడలేదు. సాహితి మాత్రం నవ్వలేదు. "మావయ్య మోస్తేనే వస్తాను. లేకపోతే గదిలోంచి కదలను" అంది. చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని కూరగాయల బజారంతా తిప్పింది వీడే మరి.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తంలో చక్కెర హద్దు మీద ఉంది, మోకాళ్లు అరుస్తున్నాయి. "ఎనభై రెండుకి దిగితే మొయ్యండి. లేకపోతే పెళ్లి ఫొటోల్లో మీరొక్కరే పడుకుని ఉంటారు" అన్నాడాయన. పెళ్లికి ఇంకా నాలుగు నెలలున్నాయి.

ఆ నాలుగు నెలలూ నెయ్యి గరిటె నా చేతిలోనే ఉంది. ఆవకాయ జాడీ నా మంచం కిందికి వచ్చింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఒక్క గిన్నెడు అన్నం, నిండా కూర, రాత్రికి జొన్నరొట్టె. పొద్దున నడక. సాయంత్రం బుట్టలో బియ్యం బస్తా పెట్టుకుని అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగడం. మూడో అంతస్తు వాళ్లు రెండు రోజులు చూసి, మూడో రోజు తలుపు తీసి "కిలో ఎంతండీ?" అని అడిగారు. ప్రతి ఆదివారం నేనే బరువు చూసేదాన్ని. మొదటి నెల కాస్త, రెండో నెల అసలు లేదు, మూడో నెల నుంచి దిగడం మొదలైంది. చివరి ఆదివారం కాటా ముల్లు ఎనభై రెండుకి అర కిలో పైన నిలిచింది. ఆ అర కిలోతోనే బయలుదేరాం.

పెళ్లి శుక్రవారం, శంషాబాద్ అవతల ఒక ఫంక్షన్ హాల్లో. మేమిద్దరం గురువారం ఉదయం ఏడుంపావుకి కూకట్‌పల్లిలో విమానాశ్రయం బస్సెక్కాం. కోడలు ఆఫీసు చూసుకుని సాయంత్రం వస్తానంది. ఆ బస్సు సుఖంగా ఉంటుందిగానీ, బుట్టలున్నవాళ్లు ఆలోచించుకోండి. మా బుట్ట సామాన్ల అరలో పట్టలేదు. చివరికి రెండు సీట్ల మీద దర్జాగా కూర్చుంది.

"అమ్మా, బుట్టకు గూడ టికెట్ తీయాలె" అన్నాడు డ్రైవరు.

"పిల్ల కూర్చున్నాక తీస్తాం బాబూ" అన్నాను. ఏమనుకున్నాడో మళ్లీ అడగలేదు.

పక్క సీట్లో ఒకావిడ ఉంది. దుబాయి నుంచి వస్తున్న చెల్లెల్ని తీసుకెళ్లడానికి వెళుతోందట. ఒళ్లో అరిసెల డబ్బా. బుట్ట వైపు చూసి చూసి ఇక ఆగలేకపోయింది.

"అక్కా, గా బుట్టల ఏం పెడ్తరు?"

"పెళ్లికూతుర్ని."

ఆవిడ లేచి బుట్టలోకి తొంగిచూసింది. "గిండ్లనా! ఎవరు మోస్తరు?"

ప్రభాకర్‌ని చూపించాను. వాడప్పుడు కీరదోస ముక్క నములుతున్నాడు.

"అన్నా, గీ కీర తిని ఏం లేపుతవ్? జర రెండు అరిసెలు తిను, నడుముకు బలమొస్తది" అని డబ్బా మూత తీసి వాడి ముక్కు కింద పెట్టింది. నువ్వుల వాసన నాకే తెలిసింది. ప్రభాకర్ డబ్బాలోకి చూశాడు, నా వైపు చూశాడు, ఒక్కసారిగా లేచి ఒక చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ సీట్ల మధ్య ఇటూ అటూ నడవడం మొదలుపెట్టాడు.

"ఏంది సార్, బస్సు నడుస్తనే ఉన్నది గదా, మీరెందుకు నడుస్తున్నరు? కూసోండ్రి!" అని ముందు నుంచి డ్రైవరు కేక.

ప్యాంటు లాక్కోవడం ఈమధ్య వాడికి అలవాటైంది. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నా జారుతూనే ఉంటుంది. "నలుగురిలో అదేం పని, చెయ్యి తియ్యి" అని కసిరాను. హిమాయత్ సాగర్ నీళ్లు కనబడేసరికి అరిసెల డబ్బాకి మూత పడింది. వాడూ కూర్చున్నాడు.

ఎనిమిదీ యాభైకి విమానాశ్రయం. పెళ్లికొడుకు వాళ్లది కొత్వాల్‌గూడ, తరాలుగా వ్యవసాయం. పిల్లాడు సాహితి ఆఫీసులోనే పనిచేస్తాడు. వాళ్ల బాబాయి బండి తెస్తానన్నాడు. ఫోను చేస్తే "జర ఆగుండ్రి, టమాటలు దించి వస్తున్న" అన్నాడు. అక్కడ టీ ధర విని నేను తాగలేదు. ఫ్లాస్కు తెచ్చుకోవడం మంచిది. ప్రభాకర్ మాత్రం సమయం వృథా చేయనన్నాడు. బుట్టను సామాన్ల తోపుడు బండి మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి చకచకా నడక మొదలుపెట్టాడు. మూడో చుట్టులో సెక్యూరిటీ అబ్బాయి ఆపాడు.

"సార్, ఇగ మూడోసారి వస్తున్నరు. ఏ ఫ్లైట్?"

"ఫ్లైట్ లేదు. వాకింగ్."

"వాకింగ్‌కు బుట్టెందుకు సార్?"

అంతా చెప్పాక ఆ అబ్బాయి బుట్ట అంచు పట్టుకుని ఊపి చూసి, "మంచి గట్టిగున్నది. మీరే జర జాగ్రత్త" అన్నాడు.

పదింటికి టమాటల బండి వచ్చింది. నేను ముందు సీట్లో, వాడూ బుట్టా వెనక. పదిన్నరకి శంషాబాద్ దాటి ఫంక్షన్ హాలు చేరాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడి నీళ్లు వస్తాయి, దోమలు కూడా వస్తాయి.

మధ్యాహ్నం మూడింటికి అభ్యాసం పెట్టుకున్నాం. బుట్టకి రెండో వైపు పట్టేది మా చెల్లెలి కొడుకు శీను, వరసకు వాడూ మేనమామే. వాడికి నలభై నాలుగు. జిమ్ముకు వెళతాడు, చొక్కా చేతులు ఎప్పుడూ మడిచే ఉంటాయి. సాహితి చేతులకు గోరింటాకు పెట్టేశారు కాబట్టి అది రాలేదు.

"బియ్యం బస్తా అయితే కదలదమ్మా, మనిషి కదులుతుంది. నువ్వు కూర్చో" అన్నాడు ప్రభాకర్.

"నాకు డెబ్భై నాలుగేళ్లురా."

"వయసు కాదు పెద్దమ్మా, బరువు చూడాలి. నీదీ సాహితిదీ దాదాపు ఒకటే" అన్నాడు శీను.

ఆ లెక్క నిజమే. కూర్చున్నాను. ఎత్తారు. శీను వైపు పైకి, ప్రభాకర్ వైపు కిందికి వెళ్లి, నేను పడవలో ఉన్నట్టు ఒరిగాను. "అన్నయ్యా, చేతులతో కాదు, తొడల మీద లే!" అని శీను అరిచాడు. రెండోసారి సమంగా లేచింది. అలా హాలు సగం దాటామో లేదో, గుమ్మంలో పెళ్లికొడుకు నాయనమ్మ యాదమ్మగారు ప్రత్యక్షమైంది. నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏంది ఒదినె, పిల్లను మార్చిన్రా?"

శీను నవ్వాపుకోలేక బుట్ట దించేశాడు. నేను కొంగు సర్దుకుని దిగాను. ఈ వయసులో పెళ్లికూతురు వేషం ఎవరికైనా అనుభవించదగ్గదే, మోసేవాళ్లు నవ్వకుండా ఉంటే.

సాయంత్రం ఏడింటికి కొత్వాల్‌గూడలో వాళ్లింట్లో విందు. ఇదీ ప్రభాకర్‌కి అసలు పరీక్ష. బగారా అన్నం, మటన్, పక్కనే ఇంకేదో తీపి. పెళ్లికొడుకు బాబాయి ముక్కల గరిటెతో వీడి వెనకే తిరిగాడు.

"బావా, ఒక్క ముక్క."

"తిన్నాను బావగారూ, రెండు ముక్కలు తిన్నాను."

"గవి లెక్కల్లకు రావు, గవి బొక్కలు, కండ ఏడున్నది? మేం ఏమన్న తక్కువ చేసినమా?"

మర్యాద మాట వచ్చేసరికి వాడు హడలిపోయాడు. పళ్లేల మధ్య క్యారెట్లూ ముల్లంగులూ చెక్కి నిలబెట్టిన పెద్ద హంస కనబడింది. అందరూ నాయనమ్మ మాటల్లో ఉండగా, తోక నుంచి మొదలుపెట్టి మెడ దాకా తినేశాడు. తర్వాత ఫొటో తీద్దామని వచ్చిన కోడలికి తల మాత్రం దొరికింది.

శుక్రవారం. ముహూర్తం పదింటి తర్వాత. ఏడింటికే ప్రభాకర్ వంటశాలలో కూరగాయల కాటా ఎక్కి నిలబడ్డాడు. వంటాయన వంకాయల గంప పట్టుకుని వెనక నిలబడి, "సార్, జర జల్ది దిగుండ్రి, ఇవి గూడ తూకం చూడాలె" అని తొందరపెడుతున్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఎనభై ఒకటీ ఆరు వందలు. రెండుసార్లు చూశాను. నాకు కళ్లు చెమర్చాయి. పక్కన ఉల్లిపాయలు కూడా తరుగుతున్నారనుకోండి. లలిత మాత్రం నమ్మలేదు. స్తంభం చాటున పూలు చుట్టిన చక్రాల కుర్చీ సిద్ధంగా పెట్టించింది. నేను చూశాను, ప్రభాకరూ చూశాడు.

తొమ్మిదిన్నరకి పట్టు పంచె కట్టుకున్నాడు. కట్టుకున్నాడంటే, తొడుక్కున్నాడు. ముందే కుచ్చిళ్లు కుట్టి, నడుము దగ్గర అంటుకునే పట్టీ ఉన్న రెడీమేడ్ పంచె. నిశ్చితార్థమైన వారంలోనే, టేపుతో వాడి నడుము కొలిచి మరీ తెచ్చాం. "అమ్మా, వదులుగా ఉందే" అన్నాడు. "పట్టు కొత్తలో అలాగే ఉంటుంది, చెయ్యి తియ్యి" అన్నాను.

సన్నాయి మొదలైంది. సాహితి బుట్టలో కూర్చుంది, చేతిలో కొబ్బరిబోండం. ప్రభాకర్ మోకాళ్లు వంచి, తొడల మీద బలం ఉంచి లేచాడు. బుట్ట ఇటుగానీ అటుగానీ ఒరగలేదు. శీను కళ్లు పెద్దవయ్యాయి. నేను పళ్ల పళ్లెంతో వెనకాలే నడుస్తున్నాను. పూల తోరణం దాటాక వాడు తల తిప్పకుండా చిన్నగా పిలిచాడు.

"అమ్మా."

"నడుమా?"

"నడుము బాగానే ఉంది. పంచె."

కిందికి చూశాను. అప్పటిదాకా మడమల పైనున్న జరీ అంచు నేల ఊడుస్తోంది. పళ్లెం లలిత చేతిలో పడేసి, రెండు చేతులా వెనక నుంచి వాడి నడుము దగ్గర పంచె గుప్పిట పట్టాను.

"వదలకు" అన్నాడు.

"నువ్వు ఆగకు" అన్నాను.

బుట్టలోంచి సాహితి గుసగుసగా, "మావయ్యా, నేను దిగిపోనా?" అంది.

"దిగితే నడిచొచ్చినట్టే. కదలకు."

"పెద్దమ్మా, ఏమైంది?" అని శీను.

"నీ కొస చూసుకో!"

వాడి అడుగు పెద్దది, నాది చిన్నది. నేను సగం నడకా సగం పరుగూ. ఫొటోగ్రాఫరొకడు ఎదురొచ్చి "అమ్మా, ఇటు చూసి నవ్వండి" అంటాడు. నవ్వాను, ఏం చేస్తాను? మొత్తానికి మండపం చేరాం. పూవు పెట్టినట్టు బుట్ట దించాడు, దించిన మరుక్షణం పంచె తను పట్టుకున్నాడు. సాహితి పీటల మీదికి వెళుతూ వంగి వాడి చెంప తాకి వెళ్లింది. లలిత ఏడుస్తూ నవ్వుతూ వచ్చి, తన వడ్డాణం విప్పి అన్నయ్య నడుముకి బిగించింది. "ఆ కుర్చీ వెనక్కి పంపించేస్తానులే" అంది.

పంపనివ్వలేదు. నాకు ఆయాసం వస్తోంది. ఆ పూల కుర్చీలో నేనే కూర్చుని ముహూర్తం చూశాను. పక్కకు యాదమ్మగారు వచ్చి కూర్చుంది.

"ఒదినె, మామ బుట్ట మోస్తే ఎనుక తల్లి నడుము పట్టుకోవాల్నా? మంచిగున్నది మీ పద్ధతి. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది."

అంతమందిలో కొడుకు పంచె సంగతి ఎలా చెప్పను? "మా ఇంట్లోనే ఉంది" అన్నాను. అబద్ధమేమీ కాదు.

మధ్యాహ్నం పంక్తిలో ప్రభాకర్ ఒక బూరె తిన్నాడు. నెయ్యి నేనే వేశాను. రెండోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

శనివారం ఉదయం శంషాబాద్‌లో మామూలు సిటీ బస్సెక్కి, మధ్యలో ఒకసారి మారాం. చవకే, కాస్త ఆలస్యం. వచ్చేటప్పుడు బుట్ట లేదు. కొత్వాల్‌గూడ వాళ్లు ముచ్చటపడి ఉంచుకున్నారు. ఈ దారిన ఇదే పని మీద వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే: బరువు తగ్గడం కుదురుతుంది, యాభై దాటినా కుదురుతుంది, కానీ తగ్గే మనిషికి ముందే బట్టలు కొనకండి.

బస్సు మా వైపు మలుపు తిరుగుతుండగా ఫోను మోగింది. యాదమ్మగారు.

"ఒదినె, మాఘమాసంల మా చిన్న మనుమరాలి పెండ్లి. మేం గూడ బుట్టలనే తెద్దామనుకుంటున్నం. పిల్లకు మేనమామ గూడ ఉన్నడు, నూరు కిలోలుంటడు. మీ పిల్లగానికి పెట్టిన జావ ఏందో మా కోడలికి జర చెప్పు. ఇగ ఎనుక పట్టుకునేటందుకు నువ్వే రావాలె. నీ లెక్క ఎవరు పట్టుకుంటరు?"

వస్తానని మాటిచ్చాను. తర్వాతి స్టాపులోనే లేచి, ప్రభాకర్‌ని కూడా లేపాను.

"అమ్మా, మన స్టాపు ఇంకా రెండు అవతల."

"తెలుసు. దిగు, నడుద్దాం. పట్టుకునేవాళ్లకీ ఊపిరి ఉండాలి" అన్నాను.