సున్నం కింద నోటీసు

రెండు గదులు, ఒక వసారా, నూట నలభై మూడు పలకలు పరిచిన నేల, పెరట్లో ఒక కరివేపాకు చెట్టు, ఆరు మేకలు, అమ్మ చెవుల కమ్మలు, ఊళ్లో లేనివాళ్ల ఇంటి గోడకు కూడా సున్నం వేసే మా వీధి అలవాటు. ఇవీ మేము పోగొట్టుకున్నవి. పోగొట్టుకున్నామనడం కూడా తప్పే. పోగొట్టుకోవడం అంటే మన చేతిలోంచి మనమే జారవిడుచుకోవడం. ఇవి మా చేతిలోంచి తీసుకున్నవి.

మొన్న మార్కాపురంలో ఎవరో పాత ఇల్లు బాగుచేయించుకుంటూ డ్రమ్ములో సున్నం నానబెడుతుంటే, ఆ ఘాటు వాసనకు బజారుకు పోతున్నదాన్ని పోతున్నట్టే నిలబడిపోయాను. ఇప్పుడు అందరివీ బకెట్లలో వచ్చే రంగులు. ఉడికే సున్నం వాసన ఏడాదికి ఒకసారి తగిలితే గొప్ప. తగిలిన ప్రతిసారీ పై లెక్క మొదటి నుంచి చివరి దాకా నాకు ఒప్పజెప్పుకుంటాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది, లెక్కలు మాత్రం ఆగలేదు. ఆ లెక్కలు నాకు ఆ ఇంటి నేల మీదే వచ్చాయి.

మా నాయన యోహాను పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అంచు విరిగినవీ, మధ్యలో నెర్రె పట్టినవీ ఫ్యాక్టరీ వెనక కుప్ప పోస్తే, వాటిలో పెద్దవి ఏరి రోజుకు రెండో మూడో గోనెసంచిలో చుట్టి, సాయంత్రం బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చేవాడు. వాటిని చెక్కి, అతుకు కనబడకుండా రెండు గదుల్లోనూ తనే పరిచాడు. అందరి పిల్లలకూ చేతిలో పట్టేంత పలక ఉంటే, నాకూ మా తమ్ముడికీ ఇల్లంత పలక ఉండేది. బోర్లా పడుకుని బలపంతో గడప దగ్గర కూడిక మొదలుపెడితే పొయ్యి దాకా పోయేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో పొట్టకు చల్లగా తగిలే ఆ నేల మీద నేను ఎక్కాలు రాస్తుంటే, అమ్మ సంగటి కెలుకుతూ, "నీ లెక్కలు నా పొయ్యిలోకి వచ్చినాయే, ఎనక్కి జరుగు," అనేది. తెల్లారి తడిగుడ్డ పెట్టి ఆమె తుడిచేస్తే నల్లగా, కొత్తగా, మళ్లీ ఇల్లంతా ఖాళీ.

డిసెంబరు వచ్చిందంటే మా వీధి మొత్తం సున్నం వాసన. కుండల్లో సున్నపురాయి బుసలు కొట్టేది, చిటికెడు నీలిమందు వేసి కొబ్బరి పీచు కుంచెతో గోడలకు పూసేవాళ్లు, కింద జానెడు ఎర్రమట్టి పట్టె. అరిసెల పాకం ఒక ఇంట్లో, కజ్జికాయలు ఒక ఇంట్లో. వెదురు పుల్లలతో నక్షత్రం కట్టి రంగు కాగితాలు అంటించడం మాత్రం పిల్లల పని. పనుల కోసం వలసపోయి తాళం వేసిన ఇళ్లు ఏటా నాలుగైదు ఉండేవి. పండక్కి వీధిలో ఒక గోడ మాసి ఉంటే అందరికీ నామోషీ అని, ఉన్నవాళ్లు ఆ గోడలకు కూడా సున్నం వేసేవాళ్లు. డబ్బు అడిగేది లేదు, చెప్పేది లేదు. మరుసటేడు వాళ్లు ఉంటే వీళ్లకు వేస్తారు, అంతే.

ఇంటి పైకప్పు కోసం నాయన మార్కాపురంలో ఇండ్ల రుణాలిచ్చే ఒక సొసైటీలో దస్తావేజు తనఖా పెట్టి నాలుగు వేలు తెచ్చాడు. రెండు వేల రెండు వందలు కట్టాడు. తర్వాత వరసగా రెండేళ్లు వానల్లేవు, ఫ్యాక్టరీ వారానికి మూడు రోజులే నడిచింది, కంతులు ఆగాయి. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు పత్తి తీతకు గుంటూరు వైపు పోయాం. పోయే ముందు నాయన సొసైటీకి వెళ్లి, తిరిగి రాగానే కడతానని సెక్రటరీతో నోటితో చెప్పి వచ్చాడు. అంటే, ఇంట్లో ఎవరూ ఉండరన్న సంగతి వాళ్లకు తెలుసు. తెలిసే, మేము పోయిన తర్వాత జప్తు నోటీసు తెచ్చి మా తలుపు పక్కన గోడకు అంటించారు. టముకు వేయించామని రాసుకున్నారు కానీ, విన్నవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు.

ఆ క్రిస్మస్ మేము చేలోనే చేసుకున్నాం. పత్తికాయ తొనలు గీరుకుని వేళ్ల కొసలు చీలిపోయి, బెల్లం ముక్క పట్టుకున్నా మండేది. జనవరిలో రాత్రి బస్సు దిగి వచ్చేసరికి మా ఇల్లు వెన్నెల్లో తెల్లగా మెరుస్తోంది. చూరుకు నక్షత్రం కూడా కట్టారు. అమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. తలుపు పక్కన గోడ ఒకచోట చదరంగా ఉబ్బి ఉందని తమ్ముడు చూపిస్తే, తేమకు పొంగిందిలే అన్నాడు నాయన.

మరుసటి పొద్దున్నే రంగయ్య వచ్చాడు. మెయిన్ రోడ్డులో ఎరువుల దుకాణం ఆయన. చేతిలో టేపు. కొలవబోయి మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఏంది యోహానూ, నీకు తెలీదా? మీ ఇల్లు వేలం వేసినారు. తొమ్మిది వేలకు నేను పాడినా. ఇప్పటికి ఇరవై ఒక్క రోజులాయె."

రంగయ్య చెడ్డవాడు కాదు. దారి కూడా ఆయనే చెప్పాడు. "ఇంకా తొమ్మిది రోజులుండాయి. వేలమైన ముప్పై రోజుల్లోగా బాకీ అంతా కట్టి, నా పాటలో నూటికి ఐదు నాకిస్తే పాట రద్దు. నా తొమ్మిది వేలు నాకు వాపసొస్తాయి. నాకేం పగ యోహానూ, ఇంకో గోడౌను చూసుకుంటా."

ఆయన పోయాక నాయన ఆ ఉబ్బు మీద నీళ్లు చల్లి గోటితో గీరాడు. మూడు పూతల సున్నం కింద కాగితం. వెనక్కి తిరిగితే మా వీధి మరియమ్మ పెద్దమ్మ, నోట్లో కొంగు కుక్కుకుని. మా గోడకు సున్నం వేసింది ఆమే. చదువు రాదు.

"ఓట్ల కాయితం అనుకుంటిని నాయనా! గోడ గలీజుగా ఉంటదని రొండుసార్లు ఎక్కువ గూడా పూస్తిని. నా చేతులిరగా!"

"నీదేం తప్పు అక్కా," అన్నాడు నాయన. "నువ్వు పూయకున్నా మేం లేకపోతిమి గదా."

బాకీ ఐదు వేల మూడు వందల ఎనభై అన్నారు. రంగయ్య వాటా నాలుగు వందల యాభై. మొత్తం ఐదు వేల ఎనిమిది వందల ముప్పై. ఆ అంకె గడప దగ్గర నేలమీద పెద్దగా రాశాను. అమ్మ తొమ్మిది రోజులూ దాన్ని తుడవలేదు. పత్తి కూలి వెయ్యిన్ని తొమ్మిది వందలు. కమ్మలు పద్నాలుగు వందలు. ఫ్యాక్టరీలో అడ్వాన్సు మూడు వందలు. మా గుడిలో కానుకల సంచి ఒకసారి మా కోసం తిప్పితే నాలుగు వందల ముప్పై వచ్చింది. మరియమ్మ పెద్దమ్మ అందులో ఎంత వేసిందో ఎవరికీ చెప్పలేదు. శనివారం సంతలో ఆరు మేకలూ పద్దెనిమిది వందలకు పోయాయి. లెక్క సరిపోయింది.

సంత నుంచి అటే బస్సెక్కి సొసైటీకి పరిగెత్తాం. నోట్లు లెక్కపెట్టడానికి నాయన నన్ను కూడా తీసుకుపోయాడు. అప్పటికే అటెండరు తాళం వేస్తున్నాడు.

"ఇప్పుడేంది? సోమారం రాపో."

"గడువు రేపటికి అయిపోతాదంట సారూ."

"రేపు ఆయితారం. ఎవురుంటారు? సోమారం రమ్మంటి గదా."

ఆదివారం గుడిలో నాయన లేచి నిలబడి అందరికీ దండం పెట్టాడు. సోమవారం తలుపు తీయకముందే మేము మెట్ల మీద ఉన్నాం. సెక్రటరీ మా డబ్బు సంచి వైపు చూడనే లేదు.

"ముప్పై రోజులిచ్చినాం. ముప్పై అంటే ముప్పై. నిన్నటితో అయిపాయె."

"నిన్న ఆదివారం గదా సార్. మూసుకున్నది మీరు గదా. ఈయనే సోమారం రమ్మనె."

"నేనేదో మాట వరసకంటి," అన్నాడు అటెండరు గోడ వైపు చూస్తూ.

"మేం మూసుకుంటాం, తెరుసుకుంటాం," అన్నాడు సెక్రటరీ. "గడువు మా కోసరం ఆగదు. పో."

మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. నెల తిరగకముందే ఇల్లు ఖాళీ చేయించారు. గుడి డబ్బు గుడికి, ఫ్యాక్టరీ డబ్బు ఫ్యాక్టరీకి తిరిగి ఇచ్చేశాడు నాయన. మిగిలింది రెండేళ్ల బాడుగలో కరిగిపోయింది. ఆ తర్వాత ఆయన ఎక్కడా ఒక్క పలక పరవలేదు.

చాలా ఏళ్ల తర్వాత, మా పొదుపు సంఘంలో ఒకామెకు నోటీసు వస్తే ఆమెను వెంటబెట్టుకుని మార్కాపురం కోర్టు దగ్గర తిరిగినప్పుడు తెలుసుకున్నాను. గడువు చివరి రోజున ఆఫీసుకు సెలవైతే, తెరిచిన మొదటి రోజు కట్టినా కట్టినట్టే. ఇది ఏ మూలో దాగిన రహస్యం కాదు, సొసైటీ నడిపేవాడికి తెలియకుండా ఉండదు. మా సోమవారం చెల్లుతుంది. చెల్లే డబ్బును చెల్లదని వెనక్కి పంపారు.

ఇప్పుడు బ్యాంకుల వేలాలు ఇంకో తీరు. అరవై రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, ఆపైన వేలం ప్రకటన. విడిపించుకునే హక్కు ఆ ప్రకటన పేపర్లో పడేదాకానే అంటున్నారు. కొమరోలు లాంటి ఊళ్లో బోరు ఎండిన రైతు పొద్దున్నే పేపరు తెప్పించుకుని చివరి పేజీలో తన ఇంటి కోసం వెతుక్కుంటాడా? అందుకే మా సంఘంలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికి తెమ్మంటాను. తేదీ చూస్తాను, కేలెండరు చూస్తాను, ఆదివారాలు చూస్తాను.

మా ఇల్లున్న చోట ఇప్పుడు గోడౌను షట్టరు. పలకల మీద సిమెంటు పోశారు. మరియమ్మ పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ మళ్లీ ఇంకొకరి గోడ ముట్టుకోలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ మానేశారు. తాళం వేసిన ఇళ్లు పండక్కి మాసిన గోడలతోనే ఉండిపోయాయి. తర్వాత సున్నమే పోయింది.

ఇంకొక్కటి ఉంది. వేలంలో బాకీకి మించి వచ్చిన డబ్బు ఇంటివాళ్లకు తిరిగి ఇవ్వాలి. నాయన అడిగితే ఖర్చుల కింద పోయిందన్నారు. వేలం ఖర్చులు ఆ ఐదు వేల మూడు వందల ఎనభైలోనే కలిపారు, ఆ కాగితం నా దగ్గరుంది. నేను అడిగే నాటికి సొసైటీ ఇంకో దాంట్లో కలిసిపోయింది, పాత రికార్డులు లేవన్నారు. రికార్డులు లేకపోతే బాకీ లేకుండా పోతుందని నాయన కంతులు కట్టే రోజుల్లో ఒక్కరూ చెప్పలేదే! తొమ్మిది వేలలోంచి ఐదు వేల మూడు వందల ఎనభై తీసేయండి. మాకు వేసినట్టు వడ్డీ, వడ్డీ మీద వడ్డీ నేను వేయలేదు. అసలు మాత్రమే చెబుతున్నాను. యోహాను ఇంటికి ఈ రోజుకీ రావలసింది మూడు వేల ఆరు వందల ఇరవై రూపాయలు.