పసుపు రాసిన పైపులు

మా బావ పోయాడు. బొబ్బిలిలో ఆయన అద్దెకున్న ఇంటి ఓనరు పొద్దున్నే ఆయన ఫోన్ నుంచే చేశాడు. తెర మీద బావ పేరు చూసి నేను ఎప్పట్లాగే, "ఏటి బావా, ఢిల్లీలో ఏటి సేసినారేటి?" అంటూ ఎత్తాను. అవతలాయన తను ఇంటి ఓనరునని చెప్పాడు. తర్వాత, "మీ బావగారు నిద్దర్లోనే ఎల్లిపోనారండి" అన్నాడు.

మా అక్క అంతకుముందే పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. బొబ్బిలిలో ఆయన, అరసవల్లిలో నేను. మా చుట్టరికమంతా ఆ పొద్దుటి ఫోన్లోనే మిగిలింది. ఏం మాట్లాడుకునేవారని మీరడిగితే నవ్వుతారు. ఇనుము మీద దిగుమతి సుంకం గురించి! బడ్జెట్ రోజున ఊరంతా బంగారం రేటు కోసం చూస్తుంటే, ఈయన "ఉక్కు సంగతి సెప్పడేట్రా ఈడు" అని టీవీని తిట్టేవాడు.

ఆయనకి చిన్న పైప్‌లైన్ కంపెనీ ఉండేది. ఊళ్ళకి మంచినీళ్ళ లైన్లు వేసేవాడు. టెండర్లో ఒప్పుకున్న రేటు పని అయ్యేదాకా మారదు. పైపులు మాత్రం కొన్న రోజు ధరకే కొనాలి. విదేశీ ఉక్కు మీద సుంకం పడిందంటే ఇక్కడి మిల్లులూ రేటు పెంచుతాయి, ఆ బరువు ఈయన నెత్తిన పడుతుంది. పోనీ అని ముందే కొని యార్డులో పడేసుకుంటే, ఈలోగా సుంకం ఎత్తేస్తారు, పక్కవాడు తక్కువకి కొని తర్వాతి టెండరు తన్నుకుపోతాడు. "పెంచితే పెంచనీ, తీస్తే తీయనీ. మన మిల్లులూ బతకాల గదా. ముందుగా ఒక మాట సెప్తే ఈళ్ళ సొమ్మేటి పోద్దిరా?" అనేవాడు.

కొత్త లైను మొదలెట్టేటప్పుడు మొదటి పైపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కందకంలోకి దించుతారు. అందరూ చేసేదే. మా బావ ఒక్కదానితో ఆగడు. యార్డులో ఉన్నవాటన్నిటికీ రాసేవాడు. "ఒకదానికెట్టి ఒకదానికి మానేస్తే ఎలాగరా, అన్నీ ఒకింటి కోడళ్ళే గదా." ఆ రోజుల్లో అక్క వంటింట్లో పసుపు ఉండేది కాదు.

శ్రీముఖలింగం దాటాక కొన్ని ఊళ్ళకి లైను వేసే పని ఒప్పుకున్నాడు. సగం పైపులు వచ్చాయి, పసుపూ అయింది. ఆ వారమే సుంకం పడింది. రేటు ఎగిరి కూర్చుంది. మిగతా సగం ఆ రేటుకి కొంటే కంపెనీ నిలవదు, అది మాకందరికీ తెలుసు. ఒక వ్యాపారి లారీలేసుకుని యార్డుకే వచ్చాడు. "ఉన్నవి ఇప్పటి రేటుకి నాకిచ్చీసి పని వదిలీండి బాబూ. జరిమానా కట్టినా మీకు మిగుల్తాది. అందరూ అదే సేస్తన్నారు" అన్నాడు.

బావ ఆయనకి టీ ఇప్పించాడు. "బొట్టెట్టీసినాను బాబూ. బొట్టెట్టినదాన్ని ఎలా అమ్ముకుంటాను?"

"కడిగీస్తే పోద్దండి."

"పోద్ది. నాకు తెలుస్తాది గదా."

"నీ పసుపు పాడుగాను!" అని అక్క లోపలికెళ్ళి ఏడ్చింది. లైను పూర్తయింది. యార్డు పోయింది, సొంత ఇల్లు పోయింది. అక్క ఆ తర్వాత ఒక్కనాడూ దెప్పలేదు. నాకు మాత్రం ఇప్పటికీ మండుతుంది. ఎవరి మీదో తెలీదు.

పని లేకపోయినా పొద్దున్నే సుంకాల వార్తలు చదవడం ఆయన మానలేదు. "ఇప్పుడు నీకెందుకు బావా?" అంటే, "ఎవడో ఒకడు టెండరేసుంటాడు గదరా. ఆడు పేపరు సూసినాడో నేదో" అనేవాడు.

పదో రోజు అయ్యాక ఆ ఊళ్ళలో ఒకదానికి వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే చెప్పలేను, ఇంట్లో ఉండలేకపోయాను. కుళాయి దగ్గర ఒకామె బిందె పడుతోంది. "ఎవరి తాలూకా బాబూ?" అంది.

"ఈ నీళ్ళ లైను ఏసినాయన బామ్మర్దినమ్మా."

"ఓహో, గవర్నమెంటోళ్ళ తాలూకానా!"

కాదని చెప్పబోయాను. ఈలోగా ఆమె బిందె పక్కకి జరిపి, "ఎండన పడొచ్చినారు, తాగండి" అంది. దోసిలి పట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె చూస్తోందని మొహం కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.