డేఢ్, ఢాయీ, సున్నా

సరళకుమారి చీరాల ఆడపడుచు. మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివి, కేంద్ర ప్రభుత్వ గుమాస్తా కృపారావును పెళ్ళాడి ఢిల్లీ వచ్చింది. ద్వారకలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరి, ఏళ్ళ తరబడి సూదులు వేసి వేసి, చివరకు నర్సులకు పాఠాలు చెప్పే పనిలోకి వచ్చింది. రెండు వేల ఏడులో ఆ ఆస్పత్రికి గోడకు తగిలించుకునే గుర్తింపు పత్రం ఒకటి కావలసి వచ్చింది. దాంతో పెద్దలంతా 'క్వాలిటీ' అన్న మాటను రామకోటిలా జపించడం మొదలుపెట్టారు. జపం వాళ్ళది, నేర్పే భారం సరళకుమారిది. ఆవిడ దాన్ని భారమనుకోకుండా మనసు పెట్టి నేర్పింది. అక్కడే వచ్చింది చిక్కు.

తప్పు జరిగితే ఎవరు చేశారని కాదు, ఎందుకు జరిగిందని అడగాలి. ఆవిడ పాఠమంతా ఇదే. అది చెప్పడానికి బోర్డు మీద చేపముల్లు గీసేది. తల దగ్గర జరిగిన తప్పు, ముళ్ళ మీద దానికి కారణాలు. "చేపలు తినేవాళ్ళకి ముళ్ళు ఏరడం నేను నేర్పాలా!" అంటే మలయాళీ పిల్లలూ తెలుగు పిల్లలూ నవ్వేవారు. డాక్టర్లు హాజరు సంతకం పెట్టి, టీ తాగి, ఫోను మోగిందంటూ లేచిపోయేవారు. మోగకపోయినా లేచిపోయేవారు.

"పొరపాటు జరిగితే వచ్చి చెప్పండి. మీకేమీ కాదు, నాదీ పూచీ" అని ప్రతి క్లాసులోనూ అనేది సరళకుమారి.

ఆ పూచీని నమ్మిన పిల్ల కెరెన్. బాపట్ల నుంచి కొత్తగా వచ్చింది. సరళకుమారిని చర్చిలో ఆంటీ అనేది, డ్యూటీలో మేడమ్ అనేది. హిందీ అంకెలు వంద దాకా కంఠతా పట్టింది, పాపం. ఒకటిన్నరకీ రెండున్నరకీ హిందీలో వేరే పేర్లున్నాయని ఆ పిల్లకు ఎవరూ సరిగా చెప్పలేదు. మన ఒకటిన్నరలో ఒకటి వినబడుతుంది, రెండున్నరలో రెండు వినబడుతుంది. వాళ్ళ డేఢ్‌లో ఏక్ లేదు, ఢాయీలో దో లేదు. ఏది ఒకటిన్నరో ఏది రెండున్నరో కొత్తవాళ్ళకు ఒక పట్టాన గుర్తుండదు. కూరగాయల బండి దగ్గర తడబడితే కిలో ఉల్లిపాయలు ఎక్కువొస్తాయి, వండుకు తినొచ్చు. ఆస్పత్రిలో అలా కాదు కదా.

ఒకరోజు వార్డులోని ఒక పెద్దావిడకు మందు అడిగితే, డాక్టరు ఫోన్లో "డేఢ్ ఎమ్మెల్ దే దో" అని పెట్టేశాడు. కెరెన్ రెండున్నర ఇచ్చింది. అది నొప్పికి వాడే మత్తుమందు. ఎంత పిలిచినా పెద్దావిడ కళ్ళు తెరవలేదు. డాక్టరు పరుగున వచ్చి చూసి, ముసలి ప్రాణం తట్టుకోలేదనుకుని వేరే మందు రాసి వెళ్ళాడు. సాయంత్రానికి ఆవిడ లేచి టీ అడిగింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు. కెరెన్ మాత్రం అనుమానం తీరక, తోటి నర్సు ఉమను డేఢ్ అంటే ఎంతని అడిగింది. ఉమది వరంగల్, ఉర్దూ వింటూ పెరిగిన పిల్ల. ఆమె చెప్పిన జవాబు విని కెరెన్ ఏడ్చుకుంటూ సరళకుమారి దగ్గరకు వచ్చింది.

"ఆంటీ, ఎక్కువిచ్చేశానండీ. ఢాయీ అనుకున్నాను. ఎవరికీ తెలీదు. చెప్పెయ్యమంటారా?"

"చెప్పెయ్యమ్మా, నేనున్నాగా. నోటిమాటగా మందు చెప్పి ఫోను పెట్టేస్తే ఎవరికైనా ఇంతే. నువ్వు చెప్తే రేపు ఇంకో పిల్లకి ఇలా జరక్కుండా చూడొచ్చు."

నిజం చెప్పాలంటే, ఆ రోజు సరళకుమారికి లోలోపల సంబరంగా కూడా ఉంది. తన పాఠం మొదటిసారి వార్డులోకి నడిచి వచ్చింది. పొరపాట్లు విచారించే కమిటీ కోసం చేపముల్లు శ్రద్ధగా గీసింది. ఫోన్లో చెప్పిన మోతాదును నర్సు ఇంగ్లీషు అంకెల్లో తిరిగి చెప్పాలని, డాక్టరు అవునన్నాకే మందివ్వాలని ఒక నియమం రాసుకెళ్ళింది.

సూపరింటెండెంటు ఆ బొమ్మను చూసి "బహుత్ బఢియా, సరళాజీ" అన్నాడు. పెన్ను తీసి, ముళ్ళన్నీ వదిలేసి, వెన్నెముక పొడుగునా 'సిస్టర్ అజాగ్రత్త' అని రాశాడు. "రూట్ కాజ్ దొరికిందిగా! హిందీ రాని అమ్మాయి మనకెందుకు?"

"మరి ఫోను పెట్టేసిన డాక్టరుగారి మాటేమిటి సార్?"

"డాక్టర్లు పేషెంట్లను తెస్తారు. సిస్టర్లదేముంది, రోజూ దొరుకుతారు."

ఆవిడ ఎంత వాదించినా చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. నెల తిరక్కుండా కెరెన్‌ను తీసేశారు. నియమం కాగితం ఎటు పోయిందో ఏమో, డాక్టర్లు మాత్రం ఫోన్లో డేఢ్ అంటూనే ఉన్నారు.

"ఆస్పత్రి నీదా, పూచీ పడ్డానికి? మా ఆఫీసులో బంట్రోతు కూడా ఇలాంటి పూచీ పడడు" అన్నాడు కృపారావు. సరళకుమారి కంచం ముందు నుంచి విసురుగా లేచిపోయింది. ఆయన మీద కోపం కాదు, ఆయన మాట నిజమైనందుకు కోపం. ఊరికి వెళ్ళిపోతూ కెరెన్ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

తర్వాతి నెల మీటింగులో గోడ మీద గ్రాఫు చూపించారు. వార్డుల నుంచి వచ్చిన పొరపాట్ల గీత నేలను తాకింది. సున్నా! లడ్డూలు పంచారు. "ఇదంతా సరళాజీ ట్రెయినింగ్ ఫలితం. గుర్గావ్ బ్రాంచిలో నేర్పడానికి కూడా ఆవిడనే పంపుతున్నాం" అన్నాడు సూపరింటెండెంటు. చప్పట్లు మోగాయి.

"తప్పులు తగ్గలేదు సార్, చెప్పేవాళ్ళు తగ్గారు" అంది ఆవిడ. హాస్యమనుకుని అందరూ నవ్వారు.

ఒళ్ళు మండిపోతుండగా ఆవిడ వార్డుకు వచ్చింది. మందుల బల్ల దగ్గర ఉమ ఇంకో నర్సుతో గుసగుసలాడుతోంది. ఆవిడను చూడగానే ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఉమ చేతిలోని ఖాళీ మందు సీసా గబుక్కున జేబులోకి వెళ్ళింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు మేడమ్. అంత మంచిగనే ఉంది."

"ఏ పేషెంటుకి ఏమిచ్చారో చెప్పు. నీకేమీ కానివ్వను, మిగతాది నేను చూసుకుంటాను."

ఉమ తలెత్తి సూటిగా చూసింది. "కెరెన్‌తోని గూడ గిట్లనే అన్నరు గద, మేడమ్."

సరళకుమారి మంచాల వైపు తిరిగింది. భోజనాల వేళ దాటింది, వార్డంతా పడుకుని ఉంది. ఎవరిది నిద్రో, ఎవరిది మత్తో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ మొదటి మంచం దగ్గరకు వెళ్ళి, "బాబూజీ, ఉఠియే, జరా ఆంఖే ఖోలియే" అని భుజం తట్టింది. ఆయన విసుక్కుంటూ కళ్ళు తెరిచాడు. ఆవిడ రెండో మంచం దగ్గరకు నడిచింది.