తల దించి రాయమన్నాను

ముందే చెబుతున్నాను, క్రిస్టినాకి సరిగా వినపడదని నాకు అప్పట్లో తెలియదు. తెలియకపోవడం నా గొప్పేమీ కాదు. మూడో బెంచీలో కూర్చున్న పిల్లని ఏడాదంతా చూసి కూడా ఆ ముక్క కనిపెట్టలేని లెక్చరర్ని ఏమనాలో నాకే తోచడం లేదు.

ముప్పై ఏళ్ళుగా విజయవాడలో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతున్నాను. కొత్త బ్యాచ్ రాగానే మొదటిరోజు నోట్సు రాయడమెలాగో నేర్పడం నాకో పిచ్చి. తల దించాలి, పెన్ను ఆగకూడదు, ఒక్క మాట పోకూడదు. నెలనెలా అందరి నోట్సూ తీసుకుని దిద్ది, పేజీ పేజీకీ సంతకం పెట్టేవాణ్ణి. వెంకటకృష్ణారావు గారి నోట్సుంటే పాసైనట్టేనని పిల్లలు అనుకునేవారు. ఆ మాట నా నెత్తికెక్కింది.

క్రిస్టినా రోజూ పామర్రు నుంచి బస్సులో వచ్చేది. తల్లి తెరేసమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళే మనిషి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఈ పిల్లే. డిగ్రీ అయితే బ్యాంకు పరీక్షలు రాయాలని ఆశ. క్లాసులో మాత్రం పెన్ను పక్కనపెట్టి నా ముఖంలోకే చూసేది. నేను కాస్త ఆగితే గబగబా నాలుగు ముక్కలు రాసుకుని మళ్ళీ తలెత్తేది. నాకు ఒళ్ళు మండింది. పొగరనుకున్నాను. ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, ఇంకోసారి తలెత్తితే ఇంటర్నల్ మార్కులు వేయనన్నాను. ఆ పిల్ల తల దించింది. నేను పాఠం చెబుతున్నంతసేపూ మళ్ళీ ఎత్తలేదు.

పరీక్షల్లో నా సబ్జెక్టు తప్పింది. తర్వాత కాలేజీకి రావడం మానేసింది. జూన్‌లో తెరేసమ్మ టీసీ కోసం వచ్చింది. పిల్ల హనుమాన్ జంక్షన్ దగ్గర రొయ్యల షెడ్డులో చేరిందని చెప్పింది. చదువు మీద శ్రద్ధ ఉంటేగా అన్నాను. నా నోరు అంత తేలిగ్గా మారదు.

"అయిదో ఏట జొరమొచ్చి చెవులు సగం పోయినయ్యండి," అంది తెరేసమ్మ. "ఏదో కాస్త వినపడిద్ది, మిగతాది మీ పెదాలు చూసి రాసుకునేది. తల దించితే మీరు దానికి లేనట్టేనండి."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇంటర్‌లో ఒకసారి చెబితే, పిల్లలు వెనకనుంచి పేరు పెట్టి పిలిచి, తిరగకపోతే నవ్వేవారట. అందుకే ఇక్కడ ఎవరికీ చెప్పొద్దని తల్లి దగ్గర మాట తీసుకుందట.

తెరేసమ్మ సంచిలోంచి పిల్ల నోట్సు తీసి బల్ల మీద పెట్టింది. ఎవరికన్నా పనికొస్తే ఇమ్మందని చెప్పి వెళ్ళిపోయింది.

నోట్సు తిరగేశాను. మొదటి పేజీల్లో రాసింది నేను చెప్పినదానికంటే తేటగా ఉంది. ఎక్కడ ఏది ముఖ్యమో ఆ పిల్లకి తెలుసు. నేను తిట్టిన రోజు నుంచీ ప్రతి పేజీలో తేదీ, బోర్డు మీద రాసిన పాఠం పేరు మాత్రమే ఉన్నాయి. కిందంతా ఖాళీ. ఖాళీ అడుగున ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని ఉంది, అప్పట్లో దిద్దుతూ నేనే రాసింది.

అలాంటివి ఇరవై మూడు పేజీలు. అన్నిటి కిందా నా సంతకం ఉంది.