నలభై ఎనిమిది కిలోల అమ్మ

మొన్న నాన్న పనిముట్ల పెట్టె తెరిచేసరికి గ్రీజు వాసన గుప్పుమంది. అడుగున నూనెగుడ్డలో చుట్టిన మూడు స్ప్రింగులు. వేళ్ళతో లాగి చూస్తే ఒకదాని కంటే ఒకటి మెత్తన.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది రైల్వే క్వార్టరు. నాన్న కాటాల ఫిట్టరు. స్టేషన్ల నుంచి వచ్చే పార్సిలు కాటాలన్నీ వర్క్‌షాపులో ఆయన చేతి మీదుగా సరైపోయి వెళ్ళేవి. కూరలమ్మే బెంగాలీ దాదా త్రాసు రవ్వంత వంగినా ఊరుకునేవాడు కాదు, "తూకంలో అబద్దమాడినోడు అన్నంలో మన్ను కలిపినోడే" అని అక్కడే తగువు పెట్టుకునేవాడు. పాత సామాన్ల వేలంలో కొన్న గుండ్రటి స్ప్రింగు కాటా ఒకటి మా వెనక వరండాలో వేలాడేది. విశ్వకర్మ పూజ నాడు దానికీ పసుపు, బొట్టు. ఆదివారం తలంట్లయ్యాక, మా సాంబ్రాణి పొగా పక్కింటి ఆవనూనె చేపల వాసనా కలిసిపోతుంటే, తాళ్ళకి కట్టిన పీట మీద ఒక్కొక్కరం కూర్చుని తూగేవాళ్ళం. ఆ బరువులు నేను సుద్దముక్కతో తలుపు వెనక రాసేదాన్ని.

తొమ్మిదో క్లాసులో గ్రహాల లెక్క వచ్చాక నాకు పిచ్చి పట్టింది. గ్రహం ఎంత బరువైతే అంత గట్టిగా లాగుతుంది, దాని నడిబొడ్డుకి దూరమైన కొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. అలా లెక్క కడితే మన భూమికి తొమ్మిది పాయింటు ఎనిమిది, చందమామకి అందులో ఆరో వంతు, గురుగ్రహానికి ఇంచుమించు ఇరవై అయిదు. "అమ్మా, నువ్వు నలభై ఎనిమిది కదా, చందమామ మీద ఎనిమిది కిలోలే!" అంటే అమ్మ పకపకా నవ్వి, "అయితే మీ నాయన నన్ను సంకనేసుకుని తిరుగుతాడేటే" అంది.

ఆ వానాకాలమే అమ్మకి కడుపులో జబ్బు పట్టుకుంది. బరువు తగ్గకుండా ఉంటే గండం గడిచినట్టేనని డాక్టరన్న మాటని అమ్మ కొంగున ముడేసుకుంది. ఆదివారం ఆదివారం ముల్లు నలభై ఆరు, నలభై నాలుగు, నలభై రెండు. పీట దిగిన రోజు ఇక అన్నం ముట్టేది కాదు. ఆ పై వారం ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆగింది. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, బెల్లం పరమాన్నం వండి, తనూ రెండు గరిటెలు తింది. నేనూ నాలుగు కిలోలు పెరిగానని గంతులేశాను.

భూమి లాగుడు నేనే కొలుద్దామని ఒకరోజు అయిదు కిలోల తూకపు రాయి కాటాకి తగిలించాను. ముల్లు అయిదు దాటి, అయిదు పాయింటు ఏడు దగ్గర ఆగింది. లెక్క కడితే పదకొండు పాయింటు రెండు! పుస్తకంలో నెప్ట్యూన్ గ్రహానికి రాసింది ఇంచుమించు అదే. "నాన్నా, మనం నెప్ట్యూన్ మీదున్నాం! లేపోతే నీ కాటా అబద్దమాడతంది!" అని అరిచాను, గుమ్మంలో అమ్మ ఉందని చూసుకోకుండా.

నాన్న తలెత్తలేదు. అమ్మ ఆయన్నే చాలాసేపు చూసింది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

"మీ నాయన కాటా అబద్దమాడదే గుంటా. నీ లెక్కే తప్పు. తుడిసేసి మల్లీ సెయ్యి," అంది నాతో.

తుడిచేసి తొమ్మిది పాయింటు ఎనిమిది అని రాశాను. నాన్న పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా అమ్మ ప్రతి ఆదివారం పీటెక్కింది. నాన్న "నలభై ఎనిమిది" అని చదివితే, "ఠీక్ హై, రాయే" అనేది నాతో. కార్తీకంలో ఒక పొద్దున్న దుప్పటి మార్చడానికి అమ్మని రెండు చేతులతో ఎత్తాను. చందమామ లెక్క గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. వారం తిరక్కుండా అమ్మ పోయింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, సుద్దముక్క అంకెల తలుపూ లేదు, నాన్నా లేడు. నేను ఝపటాపూర్‌లో పిల్లలకి ఈ లెక్కలే చెబుతున్నాను. మెత్తటి స్ప్రింగు తక్కువ బరువుకే ఎక్కువ సాగుతుందని ఏటా చెబుతాను. నాన్న స్ప్రింగు ఒక్కసారే మార్చాడని, ఆ తర్వాత నోటితోనే నలభై ఎనిమిది అని చదివేవాడని అనుకున్నాను ఇన్నేళ్ళూ. అసలు స్ప్రింగు అమ్మ పోయాక తిరిగి కాటాకే వేసేశాడు. మెత్తనివి మూడున్నాయంటే, అమ్మకి తెలిసిపోయిందని తెలిశాక కూడా మరో రెండుసార్లు మార్చాడన్నమాట.

వాటికి గ్రీజు రాసి మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టాను. అమ్మ నలభై ఎనిమిది కిలోలు తూగింది వాటి మీదే.